‘రామప్ప వోయి వచ్చినం’: ఒక పాలంపేట సందేశానికి టీకా తాత్పర్యం

మూలం

“రామప్ప వోయి వచ్చినం. మస్తుగున్నది. నంది కాడ అందరం ఫొటో దిగినం. ఇటుక నీళ్లల్ల తేలుతదట. చెరువు కట్ట మీద చిన్నోని కేకు కోసి సద్ది తిన్నం. అమ్మ ఏడ కూసోలే, మొత్తం నడిచింది. అక్టోబర్ల హైదరాబాద్ల క్యాన్సర్ నడక ఉన్నదట, దానికి గూడ వస్తనంటంది. ఫొటోలు ఇంటికి వోయినంక పెడ్త. మీరు గూడ రావలసింది.”

అవతారిక

పై వచనం ఏ తాళపత్రంలోనూ దొరకదు. ఆదివారం సాయంత్రం ఓరుగల్లు చుట్టుపక్కల ఏ ఇంటి వాట్సాప్ గ్రూపు తెరిచినా ఇంచుమించు ఇదే కనబడుతుంది. కవి మారతాడు గాని కావ్యం మారదు. అటువంటివి పది కలిపి కూర్చిన పాఠం ఇది. కర్త అనామకుడు. ఇంటి అల్లుడో, చిన్న కొడుకో అయి ఉంటాడు. కారు నడిపింది మాత్రం ఈయన కాదని శైలే చెబుతోంది. స్టీరింగ్ పట్టుకున్నవాడికి ఇన్ని వాక్యాలు రాసే తీరిక ఉండదు. పక్కసీటు కవిత్వం ఇది.

ఇంత చిన్న కబురుకు టీక ఎందుకని అడిగేవారికి మల్లినాథ సూరిని చూపించాలి. కాళిదాసు అర్థం కావాలంటే దేశమంతా ఎవరి వ్యాఖ్య తెరుస్తుందో ఆ మల్లినాథుడిది కొలచెలమ, అంటే ఇప్పటి మెదక్ జిల్లా కొల్చారం. మేఘసందేశానికి ఆయన సంజీవని అనే వ్యాఖ్య రాశాడు. అది ఇంటికి దూరమైన ఒక యక్షుడు భార్యకు పంపిన కబురు. యక్షుడికి ఆషాఢ మేఘం దొరికింది, మనవాడికి నెలసరి డేటా ప్యాక్ దొరికింది. కబురు స్వభావంలో తేడా లేదు కనుక టీకకూ అభ్యంతరం ఉండకూడదు. పైగా మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని మల్లినాథుడు ముందే మాట ఇచ్చుకున్నాడు. అందులో మొదటి సగాన్ని ఈ టీక శిరసావహిస్తుంది. రెండో సగం పాటిస్తే పత్రికలో ఇన్ని పేజీలు నిండవు.

టీక

రామప్ప = రామప్ప గుడికి; వోయి = పోయి; వచ్చినం = తిరిగి వచ్చాము. తాత్పర్యం సుగమం. కానీ పాతకాలపు వ్యాఖ్యాతలు తాత్పర్యం సుగమమన్న చోటే మూడు పుటలు నింపేవారు. ఆ దారిలోనే పోదాం.

ముందు ఆ ‘వోయి’ సంగతి. బడిలో తెలుగు పంతులు ‘పోయి’ అని దిద్దిస్తాడు. నిజానికి ప్రథమా విభక్తి మీద పరుషం వస్తే గసడదవలు కావడమనే సంధిని 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి సూత్రం కట్టి మరీ చెప్పాడు. పకారం వకారం కావడం ఆ సంధిలోదే. సూత్రం బట్టీ పట్టినవాళ్లు ‘పోయి’ అంటున్నారు, సూత్రం పేరు విననివాళ్లు ‘వోయి’ అంటున్నారు. ఇక్కడ రామప్ప ప్రథమా విభక్తి ఎట్లా అవుతుంది, షష్ఠి కదా అని శంకించే వైయాకరణులు దయచేసి వేరే గ్రూపు పెట్టుకోగలరు.

ఇక ‘రామప్ప’. ఈ ఒక్క మాటకు ఇక్కడ గుడి అని, చెరువు అని, దేవుడు అని, శిల్పి అని నాలుగు అర్థాలు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన శివాలయమిది. గుడి ఆవరణలోని శాసనం 1213 నాటిది. అందులో ఊరి పేరు ఆతుకూరు, దేవుడి పేరు రుద్రేశ్వరుడు. కట్టించినవాడు తన పేరే దేవుడికి పెట్టుకున్నాడన్న మాట. అప్పట్లో అది ఆనవాయితీ. జనం మాత్రం ఆ పేరును పట్టించుకోలేదు. గుడి చెక్కిన శిల్పి రామప్ప అని చెప్పుకొని, ఆయన పేరుతోనే గుడినీ చెరువునూ పిలుచుకున్నారు. రామలింగేశ్వరుడన్న దేవుడి పేరే కుదించుకుపోయి రామప్ప అయిందని పాఠాంతరం. 2021 జూలై 25న యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ‘కాకతీయ రుద్రేశ్వర (రామప్ప) ఆలయం’ అని రాసింది. సేనానికి ముందు పీట, శిల్పికి బ్రాకెట్. మన సందేశకర్త బ్రాకెట్లోని పేరే తీసుకున్నాడు. ఎందుకంటే రుద్రేశ్వరం పోయొచ్చామని రాస్తే అదెక్కడుందని నలుగురు అడుగుతారు.

ఈ గుడికి ఇంకో విశేషం ఉంది. పాలంపేట 2016 దాకా వరంగల్ జిల్లా, ఆ తర్వాత జయశంకర్ భూపాలపల్లి, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు. ఉన్నచోటి నుంచి కదలకుండానే మూడు జిల్లాలు తిరిగింది. కిరాయి కారులో ఈ కుటుంబం తిరిగింది రెండే.

వచ్చినం

మొత్తం సందేశానికి ఆయువుపట్టు ఈ క్రియ. తెలుగువాళ్లు గడప దాటేటప్పుడు ‘పోతున్నా’ అనరు. అంటే అమ్మమ్మ వెనక్కి పిలిచి కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి, ‘పోయొస్తా అను బిడ్డా’ అని దిద్దిస్తుంది. కాబట్టి ఈ పదానికి పోయాం, చూశాం, క్షేమంగా ఉన్నాం అని ముప్పేట అర్థం.

ఇట శంక. మొదట ‘వచ్చినం’ అన్నాడు. చివర ‘ఇంటికి వోయినంక పెడ్త’ అన్నాడు. ఇంకా ఇల్లే చేరనివాడు వచ్చానని ఎట్లా అంటాడు? పూర్వాపర విరోధం కాదా? సమాధానం: కాదు. ‘వచ్చినం’ కాలం చెప్పే క్రియ కాదు, మంగళవాచకం. కారు ములుగు దాటకముందే ఆ మాట పడిపోవాలి. లేకపోతే కరీంనగర్‌లో చిన్నమ్మ టీవీ కట్టేసి ఫోన్ పట్టుకొని కూర్చుంటుంది.

ఈ భయం ఈనాటిది కాదు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని ఊరికే అనలేదు. మదరాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరాడు. తిరిగి మదరాసు చేరింది 1831 సెప్టెంబరు 3న. మధ్యలో కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా. దారిలో ఏ ఊళ్లో దిగాడో, అక్కడ నీళ్లెట్లా ఉన్నాయో, ఏ సరుకు దొరుకుతుందో, ఏ దారి బండికి పనికొస్తుందో రోజువారీగా రాశాడు. రాసింది ఎవరికి? మదరాసులో ఉన్న స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు. పిళ్లె దాచి, 1838లో అచ్చు వేయించాడు. మనం ఇవాళ కాశీయాత్ర చరిత్ర అని గౌరవంగా చదువుకుంటున్న ఆ గ్రంథం పుట్టింది, ‘నువ్వు చూసింది నాకూ చెప్పు’ అన్న ఒక స్నేహితుడి కోసం. అచ్చు చూడకుండానే 1836లో వీరాస్వామయ్య పోయాడు. ఆయన యాత్రను లోకానికి పంచింది యాత్రకు పోనివాడు.

ఇప్పుడు అసలు వ్యాకరణం. తెలుగులో ‘మేము’ వేరు, ‘మనము’ వేరు. వింటున్న మనిషిని బయట ఉంచితే మేము, లోపలికి లాక్కుంటే మనము. ఈ తేడా తెలియని భాషలు లోకంలో చాలా ఉన్నాయి. కానీ క్రియ దగ్గరికి వచ్చేసరికి తెలుగే గడుసుగా ఆ తేడాను దాచేస్తుంది. మేము వచ్చినా ‘వచ్చినం’, మనము వచ్చినా ‘వచ్చినం’. మన కవి కర్తను రాయకుండా వదిలేశాడు. బద్ధకం అని కొందరంటారు. కాదు, ఇది ధ్వని. రామప్పకు పోనివాళ్లు ఆ ‘నం’లో తమనూ కలుపుకొని చదువుకోవడానికి వాకిలి తెరిచి ఉంచాడు. కరీంనగర్ చిన్నమ్మ ఆ వాకిట్లోకి వచ్చిందా లేదా అన్నది ఫలశ్రుతిలో తేలుతుంది.

మస్తుగున్నది

మస్తు = మత్తెక్కించేంత. పారసీ నుంచి ఉర్దూ మీదుగా నిజాం రాజ్యంలో ప్రతి వంటింటిదాకా వచ్చిన మాట. ఏమేమి మస్తుగున్నదో చెప్పలేదు. గుడి, ఎండ, సద్ది, రోడ్డు అన్నిటికీ ఒకే విశేషణం. ఇది కవి దారిద్ర్యం అనడానికి లేదు. రామప్ప ముందు ఏడుపుటల వర్ణన చేసినవాళ్లు కూడా చివరికి ఇంతే చెప్పారు. ఇక్కడ గైడ్లు మార్కోపోలో పేరుతో ఒక మెచ్చుకోలు వినిపిస్తుంటారు. మార్కోపోలో పుస్తకం మోటుపల్లి గురించీ, రాజ్యమేలే రాణి గురించీ చెబుతుంది. మూలంలో లేనిది రాయనన్న మాట ఉంది కనుక మిగతాది వదిలేద్దాం.

నంది కాడ అందరం ఫొటో దిగినం

తెలుగువాడు ఫొటోలో ‘దిగుతాడు’. బస్సు దిగినట్టు, బావిలో దిగినట్టు. ఎందుకు దిగుతాడో నిఘంటువులు చెప్పవు. రామప్ప దగ్గర ఈ క్రియ మరీ చిక్కు తెస్తుంది. నక్షత్రాకారపు వేదిక మీద, నేలకు ఆరడుగుల ఎత్తున ఉంది గుడి. మెట్లెక్కి, చెప్పులు విడిచి, కాలే రాతి మీద ఎగురుకుంటూ పోయి, ఎత్తైన చోట నిలబడి ఫొటో ‘దిగాలి’. ఎక్కి దిగడం కనుక విరోధాభాసం. అలంకార శాస్త్రంలో కొత్త ఉదాహరణల కొరత ఉన్నవారు వాడుకోవచ్చు.

‘నంది కాడ’ అనడంలో ఔచిత్యం ఉంది. మిగతా గుళ్లలో నంది కునికిపాట్లు పడుతున్నట్టు ఉంటుంది. రామప్ప నంది అట్లా కాదు. చెవి రిక్కించి, పిలిస్తే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు చెక్కారు. పక్కన నిలబడినవాడు కడుపు లోపలికి పీల్చి, నవ్వు బిగబట్టి ఉన్న ఫొటోలో తీరుగా కూర్చున్నది నంది ఒక్కటే.

గుడి మూడు వాకిళ్లకూ చూరు కింద పన్నెండు మదనికలు ఉన్నాయి. నల్లరాతి ఆడబొమ్మలు. ఒకామె ఒంటి నిండా పాములు. ఒకామె కాలికి ఎత్తు చెప్పులు. హైహీల్స్ ఎనిమిది వందల ఏళ్ల కిందే ఓరుగల్లులో ఉన్నాయని గైడు అక్కడ తప్పకుండా ఆగి చెబుతాడు, ఆడవాళ్లు తప్పకుండా తమ కాళ్లు చూసుకుంటారు. ప్రతి కుటుంబంలోనూ ఒక ఆడపిల్ల ఆ బొమ్మ కింద నడుం వంచి అదే భంగిమలో నిలబడుతుంది. పెద్దలు నవ్వుతారు. నవ్వే ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. గణపతిదేవుని గజసేనాని జాయపుడు 1254 ప్రాంతంలో నృత్తరత్నావళి అనే నాట్యగ్రంథం రాశాడు. అందులో చెప్పిన పేరిణి కాలక్రమంలో మరుగున పడిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో నటరాజ రామకృష్ణ ఆ పుస్తకాన్నీ, రామప్ప గోడల మీది బొమ్మలనూ ఎదురెదురుగా పెట్టుకొని, రాతిలో ఆగిపోయిన అడుగుకు తర్వాతి అడుగు ఏమై ఉంటుందో వెతికాడు. ఇవాళ వేదికల మీద కనబడే పేరిణి శివతాండవం ఆ వెతుకులాట ఫలం. ఆయన కూడా మొదట చేసింది బొమ్మ ముందు బొమ్మలా నిలబడటమే. కాబట్టి పిల్లను నవ్వొద్దు, ఫొటో తీయండి.

అందరం. ఈ పదం చింత్యం. అందరూ ఫొటోలో ఉంటే ఫొటో తీసింది ఎవరు? సెల్ఫీ అందామంటే, నందితో సహా ఇంతమంది పట్టే చెయ్యి మనుషులకు ఉండదు. ఎవరో ఒకరు ఇవతల ఉండి ఉంటారు. సాధారణంగా అది పెళ్లికాని మేనమామ, లేదా కొత్తగా వచ్చిన కోడలు. ఇంటి ఆల్బమ్ మొత్తం తిరగేస్తే వాళ్లు రామప్పకు పోయిన దాఖలా ఉండదు. ‘అందరం’ అనే మాట అబద్ధం కాదు గాని, ఒక మనిషి తక్కువ నిజం.

తేలుతదట

‘తేలుతది’ అనలేదు, ‘తేలుతదట’ అన్నాడు. ఆ చిన్న ‘అట’లో ఉన్న నిజాయితీ పెద్ద పెద్ద వ్యాసాల్లో ఉండదు. కంటితో చూసింది వేరు, చెవితో విన్నది వేరు అని తెలుగు క్రియ తనంతట తానే సాక్ష్యం ఇస్తుంది. గైడు చెప్పాడు, ఇటుక నీళ్లలో వేసి చూపించలేదు, కాబట్టి ‘అట’. ఈ నియమాన్ని గ్రూపులో వచ్చే మిగతా ఫార్వర్డులకు వర్తింపజేస్తే సగం గ్రూపులు మూతబడతాయి.

విన్నమాట నిజమే. గోడలు ఇసుకరాతివి, చెక్కడపు స్తంభాలూ దూలాలూ గ్రానైటు, డోలరైటు రాళ్లవి. అంత బరువు మీద శిఖరం కూడా రాతితో కడితే కింది స్తంభాలకు మోత. అందుకని శిఖరానికి బోలు బోలుగా ఉండే తేలిక ఇటుక వాడారు. దాని సాంద్రత నీటికంటే తక్కువ, కనుక తేలుతుంది. పునాది గోతిలో ఇసుక నింపి దాని మీద గుడి నిలబెట్టారు. భూమి కదిలితే ఆ అదురును ఇసుక మింగుతుందని లెక్క. గుడి ఎన్నో అదుర్లు తట్టుకుంది. అక్కడక్కడా కుంగిన నేల, ఒరిగిన దూలాలు కళ్లకు కనబడుతూనే ఉంటాయి. పని 1213లో మొదలై ఓ నలభై ఏళ్లు సాగి ఉంటుందని యునెస్కో అంచనా. మొదలుపెట్టిన ఉలి తండ్రిదైతే ముగించిన ఉలి కొడుకుదై ఉండాలి. చిన్నోని పుట్టినరోజుకు మధ్యాహ్నం మూడు గంటలు కేటాయించిన కుటుంబానికి ఈ లెక్క చెబితే, ‘అమ్మో’ అని మళ్లీ ఒకసారి శిఖరం వైపు చూస్తారు.

కేకు కోసి సద్ది తిన్నం

తెలుగులో కోసేవి వరి, కూరగాయలు, కోతలు. కేకు కోయడం ఇటీవలి అర్థవిస్తరణ. ‘కట్ చేసినం’ అనే మిశ్రమ సమాసం రాజ్యమేలుతున్న రోజుల్లో ‘కోసినం’ అని రాసిన కవికి వందనం. గుడిలో కాదు, చెరువు కట్ట మీద కోశారు. ఇదీ ఔచిత్యమే. గుడి కట్టినవాడే చెరువూ తవ్వించాడు. దేవుడికి గుడి, ఊరికి నీళ్లు అన్నది కాకతీయుల కాలపు జంట. పాకాల, లక్నవరం, రామప్ప ఆ కాలం చెరువులే. రామప్ప చెరువు కింద ఇప్పటికీ వరి పండుతోంది. కట్ట మీద తిన్న పులిహోర బియ్యం ఆ ఆయకట్టుదే కావచ్చు. ‘అట’ అనడానికి కూడా ఆధారం లేదు గనుక ఇది కేవలం ఊహ.

సద్ది = మూట గట్టుకొని పోయిన అన్నం. తెలంగాణలో బతుకమ్మ చివరి రోజుకు దీని పేరే పెట్టారు. కేకు పక్కన సద్ది పెట్టడంలో గడుసుతనం ఉంది. కేకు ఫొటోకు, సద్ది ఆకలికి.

ఇక్కడ ఒక లోపం ఎత్తి చూపక తప్పదు. ఈ తిండిలో ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు వాటా ఏది? పాతకాలంలో యాత్ర పంచుకోవడమంటే నోటితో పంచుకోవడం, చేతిలో పెట్టడం. కాశీకి పోయొచ్చినవాళ్లు సమారాధన చేసి ఊరందరికీ భోజనం పెట్టేవారు, కాశీ దారాలు కట్టేవారు, గంగ చెంబులోని తీర్థం చుక్క చుక్క పంచేవారు. తిరుపతి లడ్డు నలుసంత అయినా ఇరుగుపొరుగుకు పోవాలి. పాలంపేటకు దగ్గరే, ఇదే ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో మేడారం. రెండేళ్లకోసారి మాఘంలో సమ్మక్క సారలమ్మ జాతర. అక్కడ బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. మొక్కున్నవాళ్లు తమ ఎత్తు బంగారం తూచి తల్లులకు ఇస్తారు. దారిలో ములుగు దగ్గర గట్టమ్మకు మొదటి మొక్కు, జంపన్నవాగులో స్నానం, గద్దెల దగ్గర బంగారం. ఇల్లు చేరినంక ప్రసాదంగా ఆ బంగారం వాడకట్టంతా పంచాలి. మీ ఇంటికి బంగారం రాలేదంటే మీతో మాటల్లేవన్న మాట. జాతరకు పోలేకపోయిన ముసలామె ఆ బెల్లపు ముక్క కళ్లకద్దుకొని నోట్లో వేసుకుంటే ఆమెకూ జాతర అయినట్టే. వాట్సాప్‌లో ఫొటో ఎంత పెద్దదైనా పోతుంది. బెల్లం ముక్క మాత్రం ఇంకా చేత్తోనే పోవాలి.

అమ్మ ఏడ కూసోలే, మొత్తం నడిచింది

సందేశంలో మెరిసే వాక్యం ఇది. తొమ్మిది వాక్యాల్లో యాత్ర గురించి కాకుండా మనిషి గురించి చెప్పింది ఈ ఒక్కటే. ‘ఏడ కూసోలే’ అన్నప్పుడు కూర్చుంటుందేమో అన్న భయం, కూర్చోనందుకు గర్వం రెండూ ఉన్నాయి. ఆమె మోకాళ్ల చరిత్ర తెలిసిన గ్రూపు సభ్యులకు విశేషణాలు అక్కరలేదు.

వీరాస్వామయ్య దాదాపు వందమంది పరివారంతో కాశీకి పోయాడు. ఆయనకు పల్లకీ ఉంది. నడిచింది బోయీలు. యాత్రాగ్రంథం మాత్రం పల్లకీలో ఉన్నవాడిది. ఈ లెక్కన సందేశం రాసినవాడికంటే నడిచిన అమ్మే అసలు యాత్రికురాలు.

నడకకు దానం తోడైన కథ తెలుగునేల మీద 1951లో ఉంది. వార్ధా దగ్గరి పౌనార్ నుంచి హైదరాబాదు పక్క శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనానికి వినోబా భావే కాలినడకన వచ్చాడు. అది ముగిశాక రైతాంగ పోరాటంతో రగులుతున్న తెలంగాణ పల్లెల్లోకి నడిచాడు. ఏప్రిల్ 18న పోచంపల్లి. అక్కడి దళిత కుటుంబాలు బతకడానికి 80 ఎకరాలు కావాలన్నాయి. సభలో వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం అక్కడ మొదలైంది. ఆ ఊరు భూదాన్ పోచంపల్లి అయింది. అడిగింది ఎనభై, వచ్చింది వంద. ఇప్పటి చందా రసీదులు రాసేవాళ్లు ఈ లెక్కను ఫ్రేము కట్టి గోడకు వేలాడదీసుకోవచ్చు.

మూలంలోని ‘క్యాన్సర్ నడక’ అంటే ఏది? హైదరాబాదు కేబీఆర్ పార్కు దగ్గర అక్టోబరులో జరిగే పింక్ రిబ్బన్ నడకగా అన్వయించుకోవాలి. రొమ్ము క్యాన్సర్ వైద్యులు డాక్టర్ పి. రఘురామ్ 2007లో ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ స్థాపించారు. ఉషాలక్ష్మి ఆయన తల్లి, స్వయంగా వైద్యురాలు, ఆ జబ్బును ఎదుర్కొన్న మనిషి. తల్లి పేరు మీద కొడుకు మొదలుపెట్టిన పని. మన ఆడవాళ్లు ఆ జబ్బు పేరు కూడా పైకి అనరు. రొమ్ములో గడ్డ తగిలితే కూతురికి చెప్పడానికే ఏడాది పడుతుంది, ఆ ఏడాదే ప్రాణం మీదికి వస్తుంది. పార్కు చుట్టూ గులాబీ రంగు బట్టలు కట్టుకొని నలుగురిలో నడవడం వల్ల గడ్డ కరగదు, కానీ నోరు పెగులుతుంది. ‘దానికి గూడ వస్తనంటంది’ అన్న మాటలో అమ్మ చుట్టుకొలత పెరిగింది. రామప్ప గుడి చుట్టూ తిరిగింది తన మొక్కుకు. పార్కు చుట్టూ తిరగబోయేది ఎవరో తెలియని ఆడమనిషి కోసం. కొడుకు ఈ వార్తను ‘గూడ’ అని తేలిగ్గా తోసేశాడు. కొడుకులు ఇంతే.

ఫొటోలు ఇంటికి వోయినంక పెడ్త

కాలయాపన అని తొందరపడి నిందించకూడదు. పాలంపేట గురించి మొదటి ‘పోస్టు’ రుద్రుని శాసనం, 1213లో. అందులో రాజవంశం ఉంది, తన వంశం ఉంది, దేవుడికి ఇచ్చిన ఊళ్లున్నాయి, బొమ్మ లేదు. తర్వాత నిజాం రాజ్యపు పురావస్తు శాఖాధిపతి గులాం యజ్దానీ పాలంపేట గుళ్ల మీద పుస్తకం రాశాడు. భారత పురావస్తు శాఖ 1922లో దాన్ని ఫొటో పలకలతో ప్రచురించింది. రాతకూ ఆ ఫొటోలకూ మధ్య 709 ఏళ్లు. మనవాడు మంగళవారం దాకా ఆగమంటే కొంప మునగదు.

మీరు గూడ రావలసింది

వలసింది = కర్తవ్యం; భూతకాలార్థం చేత గతించిన కర్తవ్యం. రావడం మీ విధి, మీరు చేయలేదు అని ఒక అర్థం. మీరు ఉంటే బాగుండేది అని మరో అర్థం. మొదటిది నింద, రెండోది ప్రేమ. తెలుగు బంధువర్గంలో ఈ రెంటికీ ఎప్పుడూ వేర్వేరు క్రియలు లేవు.

ఇట మహాశంక. అసలు పిలిచాడా? గ్రూపులో వెనక్కి వెళ్లి చూస్తే శనివారం రాత్రి దాకా ఒక్క మాట లేదు. కారులో ఏడు సీట్లు, బయలుదేరింది ఏడుగురు. ఎనిమిదో మనిషిని పిలిచే ఉద్దేశం వాహన నిర్మాణంలోనే లేదు. పిలవకుండా ‘రావలసింది’ అనడం దోషమని నవ్యులు. ప్రాచీనులు ఒప్పుకోరు. చోటు లేకపోయినా మనసులో కూర్చోబెట్టుకుపోయాం అనడానికి భాషలో ఇంతకంటే వేరే మాట లేదంటారు. మొదట కర్త రాయకుండా ‘వచ్చినం’ అని తెరిచి ఉంచిన వాకిలిని ఇక్కడ ‘మీరు’ అని మూశాడు, మూస్తూ మూస్తూ చెయ్యి పట్టి లాగాడు. ఈ టీకాకారుడు ప్రాచీనుల పక్షం.

ఫలశ్రుతి

సందేశం చేరిన గంటలో పదకొండు బొటనవేళ్లు, ఆరు జోడించిన చేతులు, మూడు ‘సూపర్’లు, ఒక ‘ఓం నమః శివాయ’ వచ్చాయి. దుబాయి నుంచి బావమరిది ‘బర్త్‌డే బాయ్‌కి నా తరఫున ముద్దు’ అన్నాడు. బాపు ఏమీ రాయలేదు. ఆయన చదివినట్టు నీలి టిక్కులే సాక్ష్యం. చివరగా కరీంనగర్ చిన్నమ్మ రాసింది: “మంచిగున్నది బిడ్డా. పిలిస్తే గద వచ్చేది. అక్టోబర్ నడకకు అక్కతోని నేను గూడ నడుస్త, నా పేరు గూడ రాయి.”

వాకిలి తెరుచుకుంది.

మంగళవారం ఫొటోలు వచ్చాయి. నలభై రెండు. పుట్టినరోజువి, నందివి, మదనికలవి, చెరువువి, కేకువి. ఎవరెవరు ఉన్నారో, ఏ తేదీనో ఒక్క ముక్క రాయలేదు. శాసనంలో రేచర్ల రుద్రుడు ఏడాది, మాసం, ఊరు, దానం అన్నీ చెక్కించాడు కనుక మనకు 1213 తెలిసింది. వీరాస్వామయ్య తేదీ వేయకుండా ఒక్క మజిలీ వదల్లేదు కనుక ఆయన యాత్ర ఇప్పటికీ వెంట నడవడానికి వీలుగా ఉంది. ఈ ఫొటోలు ఇరవై ఏళ్ల తర్వాత చిన్నోడి పిల్లలు చూస్తారు. కాబట్టి పాఠకులకు మనవి ఒక్కటే: ఫొటో పెట్టేటప్పుడు కింద తేదీ, ఊరు, ఎడమ నుంచి వరసగా పేర్లు రాయండి. చివర సగం చెయ్యి మాత్రమే కనబడే మనిషి పేరూ రాయండి. ఫొటో తీసినవాళ్లు ఎవరో అది కూడా రాయండి.